రోడ్డెక్కని రెండు సీట్ల కార్లు: మోడల్ చెయ్యడానికి ఏది ఎంచుకోవాలి?

మోటారు షోలో దీపాల కింద మెరిసి, ఫ్యాక్టరీ లైను దాకా రాకుండానే ఆగిపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు చాలా ఉన్నాయి. డిప్లొమా ప్రాజెక్టుకో, కాలేజీ ఎగ్జిబిషన్‌కో, ఇంట్లో అద్దాల బీరువాకో వాటిలో ఒకదాని మోడల్ చెయ్యాలనుకునేవాళ్ళు మొదటి రోజే ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతారు: వీటిలో ఏ కారు? షోరూములో ఉన్న కారైతే టేపు పట్టుకెళ్ళి కొలుచుకోవచ్చు, విడిభాగాల కొట్లో అద్దం ఆకారం చూసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. కొన్ని కార్లు ప్రపంచం మొత్తానికి ఒక్కటే తయారయ్యాయి.

ఇక్కడ పోల్చినవి అయిదు: లాన్సియా స్ట్రాటోస్ జీరో, ఫెరారీ మాడ్యులో, మెర్సిడెస్ సి111, జాగ్వార్ సి-ఎక్స్75, టాటా రాసెమో. పోలిక అంతా 1:10 స్కేలు మోడల్‌ను దృష్టిలో పెట్టుకుని సాగుతుంది. ఆ స్కేలులో నాలుగు మీటర్ల కారు 40 సెంటీమీటర్లకు వస్తుంది. కొండపల్లి పొణికి చెక్కలో చెక్కడానికి అది అనువైన సైజు. విజయవాడ ఆటోనగర్‌లో ఫైబర్ పని చేసేవాళ్ళకు చిన్న పని. రిమోట్ కార్ల చక్రాలు కూడా దాదాపు అదే కొలతలో దొరుకుతాయి.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

అందరూ హార్స్‌పవర్ చూసి, బొమ్మ అందం చూసి ఎంచుకుంటారు. చెయ్యబోయేవాళ్ళు చూడాల్సింది ముందు అద్దాన్ని. కాగితాన్ని వంచినట్టు ఒకే దిశలో వంగిన అద్దమైతే, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును చల్లగా ఉండగానే వంచి అతికించవచ్చు. కొబ్బరి చిప్పలా రెండు దిశల్లోనూ వంగితే షీటు మొరాయిస్తుంది. అప్పుడు చెక్కతో దిమ్మ చేసుకోవాలి, షీటును వేడి చేసి అది జారే సమయానికి దిమ్మ మీద దించాలి. మొదటి మూడు నాలుగు షీట్లు పాడవుతాయని ముందే అనుకోండి. ఎక్కువ మోడళ్ళు ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే.

దీనికి ఒక దారి ఉంది. లోపల బోలుగా కాకుండా మొత్తం గట్టి దిమ్మలా చేసి, అద్దాలున్న చోట మెరిసే నల్లరంగు వెయ్యొచ్చు. అప్పుడు అద్దం కష్టం పోతుంది, మాస్కింగ్ టేపు పని మాత్రం మిగులుతుంది. పోయేది లోపలి సీట్లు, స్టీరింగ్. లోపలి భాగం చూపించాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. సగం పనయ్యాక మనసు మార్చుకుంటే దిమ్మను తొలవలేరు.

రెండోది, ఉపరితలం వంపులతో ఉందా, పలకలు పలకలుగా ఉందా అన్నది. పలకల కారు సులువనిపిస్తుంది. కానీ టింకరింగ్ చేసేవాళ్ళకు, అంటే కారు రేకు సొట్టలు తీసేవాళ్ళకు, తెలిసిన సంగతి వేరు: చదును రేకు మీద చిన్న అల కూడా రంగు పడగానే బయటపడుతుంది. ట్యూబ్‌లైటును ప్యానెల్ మీద ప్రతిబింబించేలా పట్టుకుంటే ఆ గీత ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ తప్పుంది. గుండ్రటి ఉపరితలం అరమిల్లీమీటరు తప్పును కడుపులో దాచుకుంటుంది. కాబట్టి కోయడానికి పలకలు సులువు, నునుపు చెయ్యడానికి వంపులు సులువు.

మూడోది కొలతలు. దగ్గర నుంచి తీసిన పక్క ఫొటోలో ముందు చక్రం ఉబ్బి, వెనక భాగం కుంచించుకుపోయి కనిపిస్తుంది. దాని మీద గీత గీస్తే మోడల్ మొత్తం తప్పుతుంది. పరీక్ష ఇలా చెయ్యండి: ఫొటోలో ముందు, వెనక చక్రాల కేంద్రాల మధ్య దూరాన్ని కారు మొత్తం పొడవుతో భాగించండి. జీరోకు 0.62, సి111 రెండో తరానికి 0.59, రాసెమోకు 0.63 రావాలి. 0.01 కన్నా ఎక్కువ తేడా వస్తే ఆ ఫొటోను రంగు కోసం ఉంచుకోండి, కొలతకు వాడకండి.

ఇక ఆఖరిది, ఎగ్జిబిషన్‌లో నిలబడేవాళ్ళకు ముఖ్యం. "ఇంత బాగుంటే ఎందుకు తయారు చెయ్యలేదు?" అని ప్రతివాళ్ళూ అడుగుతారు. ఆ జవాబు మీరు చదివే కోర్సుకు దగ్గరగా ఉన్న కారును ఎంచుకుంటే మాట తడబడదు.

| కారు | తొలిసారి చూపించింది | పొడవు, ఎత్తు (సెం.మీ., సుమారు) | 1:10లో పొడవు | ముందు అద్దం | ఉపరితలం |
|---|---|---|---|---|---|
| లాన్సియా స్ట్రాటోస్ జీరో | 1970, ట్యూరిన్ | 358, 84 | 35.8 | సులువు | పదునైన పలకలు |
| ఫెరారీ మాడ్యులో | 1970, జెనీవా | 448, 93.5 | 44.8 | చాలా కష్టం | నిండైన వంపులు |
| మెర్సిడెస్ సి111 రెండో తరం | 1970, జెనీవా | 444, 112 | 44.4 | మధ్యస్థం | మెత్తని అంచులున్న పలకలు |
| జాగ్వార్ సి-ఎక్స్75 | 2010, పారిస్ | 465, 120 | 46.5 | కష్టం | నిండైన వంపులు |
| టాటా రాసెమో | 2017, జెనీవా | 384, 121 | 38.4 | మధ్యస్థం నుంచి కష్టం | వంపులు, మడతలు కలిసి |

లాన్సియా స్ట్రాటోస్ జీరో

బెర్టోనే స్టూడియోలో మార్సెల్లో గాందినీ గీసిన కారు. ఎత్తు 84 సెంటీమీటర్లు, మన ఇళ్ళలో డైనింగ్ టేబుల్ కన్నా కాస్త ఎక్కువ. దీనికి పక్క తలుపుల్లేవు. ముందు అద్దమే తలుపులా పైకి లేస్తుంది, దాని కిందుగా లోపలికి దిగాలి. లాన్సియా ఫుల్వియా నుంచి తీసిన 1.6 లీటర్ల వి4 ఇంజిను వెనక ఉంటుంది. నూచియో బెర్టోనే ఈ కారును లాన్సియా ఫ్యాక్టరీకి నడుపుకుంటూ వెళ్ళి, గేటు దగ్గరి అడ్డుకర్ర ఎత్తకుండానే కింద నుంచి దూరి లోపలికి పోయాడు. అమ్మడానికి చేసిన కారు కాదిది, లాన్సియా చేత పని ఇప్పించుకోవడానికి చేసింది. పని దొరికింది. ఆ తర్వాత వచ్చిన స్ట్రాటోస్ 1974, 75, 76 సంవత్సరాల్లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచింది. దానికి జీరో ఆకారం రాలేదు, పేరు మాత్రం వచ్చింది.

చెయ్యడానికి: అద్దం అతి సులువు, తలుపు ఒక్కటే, లోపలి భాగం చిన్నది. త్రీ ఎంఎం ఫోమ్ బోర్డులో పలకలు కోసి అతికించినా ఆకారం పలుకుతుంది. కష్టమంతా రెండు చోట్ల ఉంది. పక్కల నడుమగా పొడుగునా పోయే మడత రెండువైపులా ఒకే ఎత్తులో ఉండాలి, ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా ఎదురుగా నిలబడితే కారు ఒరిగినట్టు కనిపిస్తుంది. వెనక ఇంజిను మీది త్రికోణం మూతకు వరస పలకలు ఉంటాయి. వాటిని విడివిడిగా అతికించేటప్పుడు మధ్య ఖాళీ సమానంగా రావాలంటే ఒకే మందం అట్టముక్కను ప్రతి రెండింటి మధ్యా పెట్టి అతికించి, ఆరాక తీసెయ్యండి.

పొణికి చెక్కలో మాత్రం ఇది చెయ్యకండి. పొణికి ఉలికి వెన్నలా లొంగుతుంది, ఆ మెత్తదనం వల్లే పదునైన అంచును నిలబెట్టుకోలేదు. చెయ్యక తప్పదంటే అంచులకు పల్చటి సూపర్ గ్లూ పట్టించి, గట్టిపడ్డాక సాండ్‌పేపర్ వేస్తే కొంత నిలుస్తుంది.

ఫెరారీ మాడ్యులో

పినిన్‌ఫారినాలో పావ్‌లో మార్టిన్ గీసింది. 512 ఎస్ రేసు కారు ఛాసిస్ మీద కట్టారు. పళ్ళెం మీద పళ్ళెం బోర్లించినట్టు పై సగం, కింది సగం. చక్రాలు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి చక్రాల పని తగ్గుతుంది. ఇంజిను మూత మీద 24 రంధ్రాలు, డ్రిల్లింగుకు ముందు కాగితం మీద గీసి అతికించి తొలిస్తే వరస తప్పదు. అద్దం గొడుగులా చుట్టూ వంగి, పైకప్పుతో కలిసి ముందుకు జరుగుతుంది. పారదర్శకంగా చెయ్యడానికి మొదటి మోడల్‌లో ప్రయత్నించవద్దు. నల్లరంగు అద్దంతో గట్టి దిమ్మగా చేస్తే పొణికికి ఇంతకంటే నప్పే ఆకారం లేదు.

మెర్సిడెస్ సి111

బెంజి సర్కిల్ ఉన్న విజయవాడలో చెయ్యడానికి ఇంతకంటే తగిన కారు ఏముంటుంది? కారణం అది ఒక్కటే కాదు. అసలు కారు ఒళ్ళే ఫైబర్‌గ్లాస్, ఉక్కు అడుగుభాగం మీద అతికించి రివెట్లు కొట్టారు. ఆటోనగర్‌లో దొరికే సామానుతో, అక్కడి చేతులకు అలవాటైన పద్ధతిలో, అసలుకు దగ్గరగా చెయ్యగలిగే కారు ఈ అయిదింటిలో ఇదే.

1969లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించిన మొదటి తరంలో మూడు రోటర్ల వాంకెల్ ఇంజిను, 280 హార్స్‌పవర్. మరుసటి ఏడాది జెనీవాలో వచ్చిన రెండో తరంలో నాలుగు రోటర్లు, 350 హార్స్‌పవర్, గంటకు 300 కిలోమీటర్లు. వాంకెల్ ఇంజినులో పిస్టన్ కిందికీ పైకీ కదలదు. మూడు మూలల రోటరు తిరుగుతుంది. మండే గది పొడుగ్గా, సన్నగా ఉండి మంట అంతటా సరిగ్గా పాకదు, అందుకే పెట్రోలు తాగుతుంది, పొగలో కాలని ఇంధనం పోతుంది. కాలుష్య నిబంధనలు బిగుసుకుంటున్న రోజులు, ఆపైన 1973 చమురు సంక్షోభం. కొంటామని చెక్కులు పంపినవాళ్ళున్నా మెర్సిడెస్ అమ్మలేదు. అదే ఒంట్లో డీజిల్ ఇంజిను పెట్టి 1976లో ఇటలీలోని నార్డో ట్రాక్ మీద రికార్డులు కొట్టింది. ఆఖరి రూపం, అది టర్బో పెట్రోలు వి8, 1979లో గంటకు 403.978 కిలోమీటర్లు అందుకుంది. మెకానికల్ చదివేవాళ్ళకు ఎగ్జిబిషన్‌లో చెప్పుకోవడానికి ఈ ఒక్క కారులో మూడు రకాల ఇంజిన్లున్నాయి.

జాగ్రత్త పడాల్సింది ఫొటోల దగ్గర. మొదటి తరానికీ రెండో తరానికీ ఒళ్ళు, అద్దాలు వేరు. రికార్డు కార్లు ఇంకా వేరు. ఒక్క తరం ఫొటోలే పక్కన పెట్టుకోండి. ముందు దీపాలు పైకి లేచే రకం, మూసి ఉన్నట్టు చేస్తే దీపపు అద్దాల పని తప్పుతుంది. గల్ వింగ్ తలుపులు, అంటే కప్పు దగ్గరి కీలు మీద రెక్కల్లా పైకి లేచేవి, తెరిచి చూపించాలంటే కప్పు మధ్యలో పట్టీ చాలా సన్నగా మిగులుతుంది. ఫైబర్ పెంకు అయితే అక్కడ లోపలివైపు అరచేతి వెడల్పు కాక, రెండు వేళ్ళ వెడల్పున ఇంకో పొర మ్యాట్ (గాజుపోగుల పట్టా) వేసి బలం ఇవ్వండి. లేకపోతే తలుపులు పదిసార్లు తెరిచేసరికి పట్టీ చిట్లుతుంది.

రంగు పేరు వైస్‌హెర్బ్‌స్ట్, ఒక జర్మన్ ద్రాక్షసారాయి పేరు. మన కంటికి మెటాలిక్ నారింజ. మెటాలిక్ బేస్‌ను ఒకే కోటు దట్టంగా కొడితే రేకుల పొడి ఒకచోట చేరి పులిచారలు పడతాయి. పల్చగా మూడు కోట్లు, మూడోది స్ప్రే గన్ను కొంచెం దూరంగా పట్టుకుని, ఆపైన క్లియర్ కోటు.

జాగ్వార్ సి-ఎక్స్75

జాగ్వార్ 2008 నుంచి టాటా మోటార్స్ చేతిలో ఉంది, కాబట్టి ఇదీ మనకు దగ్గరి చుట్టమే. 2010 పారిస్‌లో చూపించినప్పుడు చక్రానికొకటి చొప్పున నాలుగు విద్యుత్ మోటార్లు, బ్యాటరీని ఛార్జి చెయ్యడానికి నిమిషానికి 80,000 చుట్లు తిరిగే రెండు చిన్న గ్యాస్ టర్బైన్లు ఉన్నాయి. తర్వాత విలియమ్స్ సంస్థతో కలిసి 250 కార్లు చేస్తామన్నప్పుడు టర్బైన్లను వదిలేసి 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజినుకు మారారు. 2012 డిసెంబరులో ఆర్థిక పరిస్థితి బాగాలేదని మొత్తం పథకమే ఆపేశారు. ఎలక్ట్రికల్ విద్యార్థులకు సిరీస్ హైబ్రిడ్‌ను (ఇంజిను కరెంటు పుట్టించడానికే, చక్రాలను తిప్పేది మోటారే) వివరించడానికి 2010 నాటి కారు చాలా మంచి ఉదాహరణ.

చేతికి మాత్రం ఇది కఠినం. ఎక్కడా చదును లేదు, ప్రతి వంపూ ఇంకో వంపులోకి జారుతుంది. 2 సెంటీమీటర్లకొకటి చొప్పున 23 అడ్డకోత అట్టలు కోసుకుని, వాటిని తరచూ ఆనించి చూస్తూ చెక్కాలి. ఓపిక లేకపోతే కారు సబ్బుబిళ్ళలా తయారవుతుంది. రెండో మోడల్‌గా పెట్టుకోండి.

టాటా రాసెమో

2017 జెనీవాలో టామో అనే కొత్త పేరు కింద వచ్చింది. సీట్ల వెనక 1.2 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజిను, 190 హార్స్‌పవర్, క్లచ్ తొక్కకుండా తనంతట మారే 6 గేర్లు (ఏఎంటీ). మన రోడ్ల మీద రోజూ తిరిగే నెక్సాన్ పెట్రోలు ఇంజినుకు ఇది అదే కుటుంబం. మోఫ్లెక్స్ అనే పలు పదార్థాల పొరల నిర్మాణం మీద కట్టారు. భారీ ప్రెస్ అచ్చుల ఖర్చు లేకుండా తక్కువ సంఖ్యలో కార్లు చెయ్యాలన్నది ఆలోచన. పథకం ముందుకు సాగలేదు. అచ్చుల ఖర్చు ఎన్ని కార్ల మీద పంచుతామో అన్న లెక్కను ప్రొడక్షన్ విద్యార్థి ఈ కారు పక్కన నిలబడి చక్కగా చెప్పగలడు.

మోడల్ చేసేవాళ్ళకు దీని గొప్ప వరం చక్రాలు. ముందు టైరు 205/50 ఆర్17, వెనక 235/45 ఆర్18. లెక్క వేస్తే వ్యాసం 637, 669 మిల్లీమీటర్లు. 1:10లో 64, 67. రిమోట్ టూరింగ్ కార్ల చక్రాలు సుమారు 65 మిల్లీమీటర్లుంటాయి, కొని బిగించడమే. ముక్కు కింద, పక్కల మడతలు వంపుల్లో కలిసిపోయే చోట్లు కష్టం. ముందు వంపు మొత్తం పూర్తిచేసి, ఆ తర్వాతే సన్నటి టేపు అంటించి దాని పొడుగునా మడత తియ్యండి. రెండూ ఒకేసారి చెక్కితే గీత పాములా మెలికలు తిరుగుతుంది.

టాటా ఇంకో రెండు సీట్ల కారు కూడా ఉంది, 2000 నాటి ఆరియా రోడ్‌స్టర్. ఎంచుకునేవాళ్ళు ఫొటోలు వెతికేటప్పుడు చూసుకోవాలి: 2010లో అదే పేరుతో ఏ సంబంధమూ లేని పెద్ద కుటుంబపు బండి వచ్చింది.

ఎవరికి ఏది

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు జీరో, ఫోమ్ బోర్డులో, పెద్దవాళ్ళు బ్లేడు పని దగ్గర ఉండి చూస్తూ. చెక్క పని వచ్చినవాళ్ళకు మాడ్యులో, గట్టి దిమ్మగా. డిప్లొమా, ఇంజనీరింగ్ జట్టుకు, ముగ్గురు నలుగురు ఉండి రెండు నెలల వ్యవధి ఉంటే, సి111. ఒక్కడే చేస్తూ నెల రోజులే ఉంటే రాసెమో గట్టి దిమ్మ, కొన్న చక్రాలు. ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్న కుర్రాడికి నిస్సందేహంగా సి111, ఎందుకంటే అచ్చు తియ్యడం, మ్యాట్ పరచడం, లప్పం, మెటాలిక్ రంగు, తలుపు కీలు అన్నీ ఒక్క పనిలో వస్తాయి.

కాలేజీ ఆవరణలో అసలు సైజులో నిలబెట్టాలనుకునేవాళ్ళు జీరో వైపు చూడండి. పలకలు రేకులో కోయవచ్చు. 8 అడుగులు, 4 అడుగుల రేకు 122 సెంటీమీటర్ల వెడల్పు, కారు వెడల్పు 187. అతుకును చదునులో కాకుండా మడత మీదికి తెచ్చుకోండి. ఒక చివర నుంచి వరసగా వెల్డింగ్ చేస్తే వేడికి రేకు అలలు తేలుతుంది. అటొక చుక్క ఇటొక చుక్క వేస్తూ, చల్లారనిస్తూ పోవాలి. పాత కారు ఛాసిస్ మీద ఎక్కించి రోడ్డు మీద తిప్పుదామన్న ఆలోచన పెట్టుకోవద్దు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. ప్రదర్శనకే కట్టండి.

మన ఎండకు, మన వానకు

పొణికి చెక్క పచ్చిగా ఉంటే చెక్కిన నెలకు పగులుతుంది. కొండపల్లి పనివాళ్ళు సన్నటి సెగ మీద తేమ పోగొట్టాకే మొదలుపెడతారు. ఆరిన చెక్కే అడిగి తెచ్చుకోండి. ఒకే దిమ్మ బదులు రెండు పలకలను నిలువుగా అతికిస్తే మధ్య అతుకే కారు నడిమి గీత అవుతుంది. ఎంత చెక్కినా ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది, కొలత తప్పదు. పక్క రూపం ముందు కోసి, పైనుంచి కనిపించే రూపం తర్వాత కోయండి. గుంటలు పడితే చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు ఆ చెక్కకు బాగా పడుతుంది.

ఫైబర్‌కు 1:10లో అచ్చు, పెంకు రెండిటికీ కలిపి కిలో పాలిస్టర్ రెసిన్ సరిపోతుంది. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెసిన్ లెక్క. రెసిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్ మామూలుగా 100 గ్రాముల రెసిన్‌కు ఒకటిన్నర గ్రాము. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో డబ్బాలోనే రెసిన్ గడ్డకడుతుంది. వేసవిలో ఒక గ్రాముకు తగ్గించి, పొద్దున ఎనిమిదిలోపు, ఒకసారికి 150 గ్రాములే కలుపుకోండి. అంతకంటే తగ్గిస్తే నెల గడిచినా జిగటగానే ఉంటుంది. గట్టిపడడాన్ని వేగం చేసే కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ పొయ్యాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి. థర్మోకోల్ దిమ్మ మీద పాలిస్టర్ రెసిన్ పోస్తే దిమ్మ కరిగిపోతుంది. థర్మోకోల్ వాడితే ఎపాక్సీ తెచ్చుకోండి.

వానాకాలంలో కృష్ణ ఒడ్డున గాలి తడిగా ఉన్న రోజు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొడితే తెల్లటి పొగ పట్టినట్టు మచ్చ వస్తుంది. పెయింటు త్వరగా ఆరి చల్లబడి గాలిలో తేమను లాక్కోవడం వల్ల ఇలా అవుతుంది. నెమ్మదిగా ఆరే రిటార్డర్ తిన్నర్ కొంచెం కలిపితే తగ్గుతుంది, వీలైతే ఎండ కాసిన రోజు మధ్యాహ్నానికి వాయిదా వెయ్యండి. ప్రైమరు మీద 400, ఆపైన 800 వాటర్ పేపర్ తిప్పి, రంగు కొట్టేముందు నీళ్ళు పూర్తిగా ఆరేదాకా ఒక రాత్రి వదిలెయ్యండి. లప్పం పీల్చుకున్న తేమ లోపల ఉండిపోతే వారం తర్వాత పొక్కులుగా పైకి లేస్తుంది.